దుబాసీ కుర్చీలో అల్లుడు

గల్... గల్... గల్.

ప్రజాస్వామ్యం కంటికి కనిపించే ముందు చెవికి వినిపిస్తుంది. కొన్నిచోట్ల మైకులై వినిపిస్తుంది, కొన్నిచోట్ల బూట్లై వినిపిస్తుంది. మా ఎర్రబండ చాప్టర్ హౌస్‌లో, అంటే అమెరికా ఆదివాసులమైన మా నవాహోల పల్లె సభలూ పెళ్లిమాటలూ గొర్రెల తగాదాలూ అన్నీ తేలే మందిరంలో, ఆ నవంబరు ఉదయం అది వెండి మువ్వలై వినిపించింది. ఆ చప్పుడుకు గుమ్మంలో పడుకున్న కుక్క చెవి రిక్కించింది. ఓటర్ల వరుస తల తిప్పింది. దుబాసీ కుర్చీలో కూర్చున్న ఎర్విన్ బిట్సిల్లి టోపీ అందుకుని, వెనక తలుపు తీసుకుని, నిశ్శబ్దంగా వెళ్లిపోయాడు.

పోలింగ్ ఆగిపోయింది.

(ఆగిపోయింది అనడం అజ్ఞానం. నియమావళిలో దాని పేరు "సంరక్షణ విరామం".)

చట్టాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మంచి చట్టం. మా అమ్మమ్మల కాలంలో ఓటు అడిగితే తలుపు మూసేవారు. మా అమ్మల కాలంలో తలుపు తెరిచేవారు గాని, ఆ తలుపును రెండు కొండల అవతల పెట్టేవారు. మా కాలానికి రాష్ట్ర శాసనసభ కనికరించి "సంరక్షిత ఓటరు ప్రవేశ చట్టం" చేసింది. రెండే పేజీలు. ఓటరుకు తన భాషలో సాయం అందాలి. ఎవరూ ఆమెను బెదిరించరాదు. కార్డు చూపమని ఎవరూ వేధించరాదు. చదువుతుంటే కళ్లు చెమర్చే పేజీలు. వాటి అమలును మెసా సెకా కౌంటీ వారికి అప్పగించారు. తరాల తరబడి మమ్మల్ని ఓటు బారి నుంచి కాపాడినవారు వారే కనుక, ఇప్పుడు మా ఓటును కాపాడటానికీ వారే తగినవారని తేలింది. (అనుభవజ్ఞులు అంత సులభంగా దొరకరు.)

వారు ఆ రెండు పేజీలకు నియమావళి రాశారు. దాన్ని చాప్టర్ హౌస్‌లోకి చక్రాల బండి మీద తెచ్చారు.

మువ్వల మనిషి గురించి చెప్పాలి. ఆమె పేరు ఇక్కడ రాయను. ఇది మరుపు కాదు, మర్యాద. పేరు వాడినకొద్దీ అరుగుతుందని, తన పేరు తానే పలికినవారి చెవులు ఎండిపోతాయని మా పెద్దలు చెబుతారు. మనిషికి మనిషి ఏమవుతారో తెలిస్తే చాలు, పేరుతో పనేముంది? ఊరి పిల్లలకు ఆమె అమ్మమ్మ. పెద్దలకు అక్క, లేదా పిన్ని. మనకు అవ్వ అనుకుందాం. ఎనభై దాటినా అవతలి లోయలో గొర్రెపిల్ల అరిస్తే ఎవరి మందలోదో చెప్పగల చెవులు ఆమెవి. వాటిని ఎండబెట్టుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

ఆమె ఓటుకు వచ్చింది మూడో ప్రశ్న కోసం. "ఎర్రబండ దారికి కంకర పోయవలెనా, వద్దా?" అన్నది బ్యాలెట్‌లో మూడో ప్రశ్న. ఎండలో ఆ దారి దారిలాగే ఉంటుంది. వానలో పిండిముద్ద అవుతుంది. మూడేళ్ల కిందటి వానలో ఒక అంబులెన్సు ఆ ముద్దలో దిగబడి, తెల్లారేదాకా దీపం తిప్పుతూ నిలబడింది. లోపల ఉన్నది అవ్వ భర్త. ఆయన పేరూ నేను రాయను. దానికి కారణం వేరు, పోయినవారి పేరు మేము పలకం.

ఇక సంరక్షణాధికారి ట్రెంట్ హాలోవెల్ గారు. కౌంటీ పంపిన మనిషి. మంచివారు. మంచివారని మెడలో బిళ్ల కూడా ఉంది. ఆయన ఖాళీ కుర్చీని చూశారు, గడియారాన్ని చూశారు, ఓటర్ల పట్టిక ముందు కూర్చున్న షాండీన్ అనే అమ్మాయిని చూశారు.

"దుబాసీ ఏడి?"

"వాళ్ల అత్తగారు వచ్చిందండి."

"వస్తే?"

"వస్తే ఆయన వెళ్లాలి కదండీ."

"ఎందుకు వెళ్లాలి?"

"అత్తగారు వచ్చింది కదండీ."

హాలోవెల్ గారు ఈ జవాబును పూర్తిగా రాసుకున్నారు.

అత్త ముఖం అల్లుడు చూడరాదు. చూస్తే కళ్లు పోతాయి. అందుకే పాతకాలపు అత్తలు శాలువా అంచుకు మువ్వలు కుట్టుకుంటారు, అల్లుడు ముందే విని తప్పుకోవాలని. ఈ కాలపు అల్లుళ్లు చాలామంది అత్తగారి పక్కనే కూర్చుని టీవీ చూస్తున్నారు. కళ్లు పోయిన దాఖలా లేదు (కార్యక్రమాన్ని బట్టి). ఎర్విన్ మాత్రం పాతకాలం మనిషి. పెళ్లయి ముప్పై ఏళ్లవుతోంది. ఆయన కట్టెలు కొట్టి ఆమె వాకిట పేర్చి వెళతాడు. ఆమె మొక్కజొన్న రొట్టె కాల్చి కూతురి చేత పంపుతుంది. ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఇంత మర్యాదగా బతికినవారు మా కౌంటీలో మరొకరు లేరు. ముఖాలు చూసుకుంటూ బతికేవారి సంగతి కోర్టువారికి తెలుసు.

చిక్కల్లా ఏమిటంటే, మా మూలకు ధ్రువీకరణ ఉన్న దుబాసీ ఎర్విన్ ఒక్కడే. దుబాసీ కుర్చీ ఖాళీగా ఉన్నంతసేపు ఎవరూ ఓటు వేయరాదని నియమం. భాష తెలియనివారికి అన్యాయం జరగకుండా, భాష తెలిసినవారికి కూడా ఓటు ఆపుతారు. సమానత్వం అంటే అదే.

కాబట్టి అవ్వ లోపలికి వస్తే ఎర్విన్ బయటికి పోవాలి. ఎర్విన్ బయటికి పోతే పోలింగ్ ఆగాలి. పోలింగ్ సాగాలంటే ఎర్విన్ రావాలి. ఎర్విన్ రావాలంటే అవ్వ పోవాలి. ఆమె వాకిట్లోకి వెళ్లింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. ఇద్దరు ఓటేశారు. ఆమె మళ్లీ వచ్చింది. ఆయన మళ్లీ లేచాడు.

"దొడ్డి తలుపు దగ్గర గొర్రెల్ని లెక్కపెట్టినట్టుందిరా," అన్నాడు వరుసలోని ఒక ముసలాయన. "లోపలికొకటి, బయటికొకటి. సాయంత్రానికి మందంతా అక్కడే."

"నువ్వు మాత్రం ఏ తలుపులోనూ కదలవు కదా తాతా," అంది వెనకనున్న కోడలు పిల్ల.

"కదిలితే వరుసలో నా చోటు నువ్వు కొట్టేస్తావుగా!"

వాకిట్లో పొయ్యి మీద గొర్రెమాంసం పులుసు ఉడుకుతోంది. ఎన్నికల రోజున పులుసూ నూనెలో వేయించిన రొట్టే లేకపోతే మా ఊళ్లో ఓటుకు రుచి ఉండదు. గరిటె పట్టుకున్నది అవ్వ కూతురు, ఎర్విన్ భార్య లొరెన్సీటా.

"అమ్మా, ఇట్టా వచ్చి కూర్చో. కాస్త పులుసు తాగు. తర్వాత చూద్దాం."

"పులుసు ఇంట్లో లేదటే? నేను కంకర కోసం వచ్చా."

"మీ అల్లుడికి కాళ్లు నొప్పులు. పొద్దున్నించీ లేవడం, కూర్చోవడం."

"అయ్యో, బిడ్డకి ముందు పులుసు పెట్టవే. ఎముక ఉన్న ముక్కెయ్యి."

పరిష్కారం కోసం ఊరు ఊరంతా బుర్ర బద్దలు కొట్టుకుంది. ముందు దుప్పటి వచ్చింది. అవ్వకూ దుబాసీ కుర్చీకీ మధ్య మంచి నేత దుప్పటి ఒకటి కట్టారు. హాలోవెల్ గారు దాన్ని అన్ని వైపుల నుంచి మెచ్చుకుని, విప్పించేశారు. ఓటరు ముఖంలో భయం ఉందో లేదో దుబాసీ కళ్లారా చూసి ధ్రువీకరించాలి. పైగా దుప్పటి, ఆమోదించిన పోలింగ్ సామగ్రిలో లేదు.

"అయితే ఫోన్ చేద్దాం," అన్నారాయన ఉత్సాహంగా. దుబాసీ ముఖం కనిపించని చోట్ల ఉచిత ఫోన్ దుబాసీ సేవ ఉంది. అందులో ముఖం చూడనక్కర్లేదు. (ఫోన్‌లో భయం గొంతులో తెలుస్తుందట.) అవ్వను కిటికీ పక్కన నిలబెట్టారు, మా మందిరంలో సిగ్నల్ అందేది ఆ జానెడు చోటే కనుక. ఫోన్ కాసేపు సంగీతం వినిపించి, మీ భాష మాట్లాడే సమీప నిపుణుడికి కలుపుతున్నాం అంది.

వెనక గోడకు అవతల, ఒక పాత ట్రక్కులో, ఫోన్ మోగింది.

"సంరక్షిత దుబాసీ సేవకు స్వాగతం. ఎర్విన్ మాట్లాడుతున్నానండి."

"ఎక్కడున్నారు మీరు?"

"ఇక్కడేనండి. మీరు గోడ మీద కొట్టారంటే వినిపిస్తుంది."

హాలోవెల్ గారు నవ్వలేదు. నవ్వు ఆయన విధుల్లో లేదు. "సరే. నేను అడిగింది ఓటరుకు చెప్పండి. మీ పేరు ఏమిటి?"

గోడ అవతల ట్రక్కు తలుపు తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. తర్వాత, "అది నేను అడగలేనండి."

"అడిగేది నేను. మీరు అనువదిస్తే చాలు."

"అనువాదంలో కూడా అత్తగారు అత్తగారేనండి."

"పోనీ, ఆమె పేరు మీకు తెలుసుగా. మీరే చెప్పండి. పొద్దున్నుంచి ముసలివాళ్ల పేర్లన్నీ మీరేగా నా చెవిలో చెప్పారు?"

"వాళ్లెవరూ నాకు పిల్లనివ్వలేదండి."

ఫోన్ పెట్టేశాక హాలోవెల్ గారు గదిని ఉద్దేశించి, ఈమె ఎవరో ఇక్కడ ఎవరికైనా తెలుసా అని అడిగారు. తెలియనివారు ఎవరు? గదంతా పెదవులు ముందుకు చాచి ఆమె వైపు చూపింది. మేము వేలితో చూపం. వేలితో చూపడం మోటు. ఇదివరకు ఓటర్ల పట్టిక దగ్గర అలాగే జరిగేది. ముఖం చూసేవారు, పెదవి చాచేవారు, గీత పెట్టేవారు. ఒక్క దొంగ ఓటు పడలేదు. ఇప్పటి కంప్యూటర్‌లో పెదవులకు గడి లేదు.

అప్పుడు గరిటెతో సహా లొరెన్సీటా లోపలికి వచ్చింది. "అయ్యా, మా అమ్మ దగ్గర కార్డుంది. పేరుంది, బొమ్మ కూడా ఉంది. చూసుకోండి, అయిపోద్ది."

అవ్వ సంచిలోంచి కార్డు తీసింది. హాలోవెల్ గారు గట్టిగా కళ్లు మూసుకున్నారు.

"లోపల పెట్టమనండి! కార్డు చూడడం వేధింపు."

"మీరు అడగలేదుగా. మేమే చూపిస్తున్నాం."

"చూపించాలనిపించే వాతావరణం కల్పించడం కూడా వేధింపే. పదకొండో అధ్యాయం."

అవ్వకు ఆయన మాటలు అందలేదు. పాపం చూపు ఆనడం లేదేమోనని కార్డును ఆయన ముక్కు దగ్గరకు తీసుకువెళ్లింది. ఆయన గోడ వైపు తిరిగారు. ఆమె ఆ పక్కకు వెళ్లింది. ఆయన ఈ పక్కకు తిరిగారు. చూడకూడనిది ఎదురైతే ముఖం తిప్పుకునే ఆచారం మాకు ఒక్కరికే ఉందనుకుని ఇన్నాళ్లూ పొరబడ్డాం. తేడా ఒక్కటే. మా అల్లుడు పక్కకు తప్పుకున్నది ఆమె దారి ఆమెకు వదలడానికి.

చివరికి అవ్వకే విషయం అర్థమైంది. తానెవరో ఈ తెల్లాయన తెలుసుకోవాలనుకుంటున్నాడు, అంతేగా? దానికింత గొడవ దేనికి? ఆమె శాలువా సర్దుకుంది. నిటారుగా నిలబడింది. చంటిబిడ్డకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"నేను చేదునీళ్ల వంశం వాళ్ల బిడ్డని. మేకలమంద వాళ్లకి పుట్టినదాన్ని. మా అమ్మ తండ్రిది ఎత్తైన ఇంటి వంశం. మా నాన్న తండ్రిది నీళ్లు కలిసేచోటు వాళ్ల వంశం. ఆడమనిషిగా నేనెవరంటే ఇదీ నేను."

మా లోకంలో ఇంతకు మించిన గుర్తింపు లేదు. ఈ నాలుగు మాటలు అందితే కొండ అవతలి మనిషి కూడా ఆమెను ఏమని పిలవాలో, ఆమె ముందు ఏం అనకూడదో, ఆమె చనిపోతే ఎవరు ఏడవాలో చెప్పగలడు. గదిలో పెద్దలు తలలూపారు.

"ఏమందామె?" అన్నారు హాలోవెల్ గారు.

"తన వంశాలు చెప్పిందండి," అంది షాండీన్.

"అంటే?"

"అంటే, మాదీ చేదునీళ్లే కాబట్టి నాకు అమ్మమ్మండి. ఆ తాతగారూ మేకలమందకి పుట్టినాయనే, ఆయనకి చెల్లెలు వరస. ఆ వెనకావిడకి పిన్ని. ఆ ఇద్దరు అన్నదమ్ములకి కూతురు వరసండి."

"వాళ్ల కంటే ఆమె నలభై ఏళ్లు పెద్దదిగా!"

"వరసకి వయసుతో పనేముందండి? ఆ వరుస చివరి కుర్రాడు మనవడు, ఈ పక్కాయన..."

"ఆగమ్మా. ఈ గదిలో ఉన్నవారంతా ఓటరుకు బంధువులంటావా?"

"అంతేగదండీ."

"ఈ సంగతి ముందే చెప్పలేదేం?"

"మీరు అడగలేదండి. మాకందరికీ తెలుసు."

హాలోవెల్ గారి ముఖం గంభీరమైంది. చట్టం కోరింది ఎవరూ ఓటరును బెదిరించరాదని. బెదిరింపుల్లో మొదటిది కుటుంబ ఒత్తిడి అని కౌంటీ న్యాయవాది పరిశోధించి తేల్చారు. ఓటరు ఓటు వేసే గదిలో ఆమె బంధువులు ఉండరాదు. ఆయన క్షమాపణ చెప్పి, ఒక్కొక్కరినే బయటికి పంపారు. ముసలాయన వెళ్లాడు. కోడలు పిల్ల వెళ్లింది. గరిటె వెళ్లింది. ఓటర్ల పట్టికను బోర్లించి షాండీన్ కూడా వెళ్లింది. మెసా సెకా కౌంటీ చరిత్రలో ఒక వృద్ధురాలి ఓటు కోసం ఒక పల్లె మొత్తాన్ని ఓటింగ్ గది నుంచి ఖాళీ చేయించడం అదే మొదటిసారి. (అంతకు ముందు ఖాళీ చేయించిన సందర్భాలకు వేరే కారణాలున్నాయి.)

గదిలో ముగ్గురు మిగిలారు. అవ్వ, అధికారి, కుక్క. కుక్క వంశం తేలలేదు.

హాలోవెల్ గారు కఠినులు కారు. పేరు పలకని ఓటరును వట్టి చేతులతో పంపడం ఆయనకు ఇష్టం లేదు. ఆయన ఒక బ్యాలెట్టూ ఒక కవరూ తీశారు. కవరులో వేసే ఓటుకు దుబాసీ అక్కర్లేదు, దాన్ని తర్వాత కౌంటీ బోర్డు పరిశీలిస్తుంది. అవ్వ బల్ల ముందు కూర్చుంది. చిన్నప్పుడు సర్కారు బడిలో జుట్టు కత్తిరించి నేర్పిన ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు ఇప్పటికీ కొన్ని గుర్తున్నాయి. "అవును" అన్న వారి మాటలో ఉన్నవి మూడే అక్షరాలు. మూడో ప్రశ్న ఎదుట ఆ మూడింటినీ వెతికి పట్టుకుంది. ఎదురుగా ఉన్న సున్నాను నింపింది. నేత నేసిన చెయ్యి. అంచు దాటలేదు, మధ్యలో తెలుపు మిగల్లేదు. కవరు మీద వేలిముద్ర వేసింది. పేరు రాయవలసిన గీత అలాగే ఉంది.

"పడిందా?" అని అడిగింది, తన భాషలో.

దుబాసీ లేడు. హాలోవెల్ గారు చిరునవ్వు నవ్వి, "నేను ఓటు వేశాను" అని రాసిన బిళ్ల కాగితం ఒకటి ఇచ్చారు. ఆమె దాన్ని శాలువాకు అంటించుకుని బయటికి వచ్చింది. కూతురికి చూపించింది. ముసలాయనకు చూపించింది. ట్రక్కు వైపు వీపు పెట్టి నిలబడి, "వాడికి కూడా చెప్పవే, పడిందని," అంది.

బోర్డు సమావేశం కౌంటీ పట్టణంలో, పరదాలు కట్టిన చల్లని హాల్లో జరిగింది. లొరెన్సీటా తల్లిని తీసుకుని ముందు ట్రక్కులో వెళ్లింది. ఎర్విన్ వెనక ట్రక్కులో వెళ్లాడు. దారి వానకు మెత్తబడి ఉంది. ముందు ట్రక్కు రెండుసార్లు దిగబడింది. రెండుసార్లూ అవ్వ తల మీద శాలువా కప్పుకుని కూర్చుంటే, అల్లుడు వచ్చి వెనక నుంచి తోశాడు. హాలు దగ్గర ఆయన వరండాలోనే నిలబడ్డాడు.

బోర్డువారు ఎర్రబండ కవరును చాలా శ్రద్ధగా పరిశీలించారు. పేరు లేదు, వేలిముద్ర ఉంది. ముద్రను యంత్రంలో పెట్టారు. యంత్రం తడుముకోకుండా ఆమె పేరు రాసి చూపింది, పుట్టిన ఏడు చెప్పింది, గొర్రెల మేత అనుమతి చెప్పింది, బడిలో చేర్చుకున్న తేదీ చెప్పింది, ఆమె ఫోటో కూడా చూపింది. ఫోటోలోని మనిషి ఎదురుగా మొదటి వరుసలో కూర్చుని ఉంది.

"అయితే ఈమె ఎవరో సందేహం లేదు," అన్నాడు ఒక సభ్యుడు.

"లేశమైనా లేదు," అన్నారు కౌంటీ న్యాయవాది.

"మరి ఓటు లెక్కించవచ్చుగా?"

"వీల్లేదు. ఇప్పుడు ఆమెను గుర్తించింది తిరస్కరణ కోసం. తిరస్కరణ పొరపాటున వేరొకరికి చేరితే ఈమె హక్కుకు భంగం. లెక్కింపు కోసం గుర్తించాలంటే ఆ రోజు ఆమె గాని, ఆమె తరఫున దుబాసీ గాని నోటితో పేరు చెప్పి ఉండాలి."

"ఇప్పుడు చెబితే?"

"ఇప్పుడు పోలింగ్ లేదుగా."

సభ్యుడు తృప్తిపడ్డాడు. కంకర ప్రశ్న ఒక్క ఓటు కంటే ఎక్కువ తేడాతోనే వీగిపోయింది కనుక ఓటరుకు ఎలాంటి హానీ కలగలేదని మినిట్స్‌లో రాసుకున్నారు. వెనక వరుసలోంచి హాలోవెల్ గారు లేచి, ఆమె ప్రవేశాన్ని తాము అడుగడుగునా రక్షించామని చెప్పారు. అది కూడా రాసుకున్నారు.

లొరెన్సీటా తల్లి చెవిలో ఏదో చెప్పింది. అవ్వ కూతురి వైపు తిరిగింది.

"పడిందన్నాడే మరి," అంది.

"అనలేదమ్మా. నవ్వాడు."

మిగిలింది ఒక్క లాంఛనం. ఓటు తిరస్కరించబడిన వ్యక్తికి ఆ సంగతి చాటుగా తెలియజేయడం పాతకాలపు అవమానమనీ, ఇకపై అధ్యక్షులు లేచి నిలబడి, ఆమె పేరును ఆమె భాషలో, శుద్ధమైన ఉచ్చారణతో, సభ అంతా వినేలా చదివి గౌరవించాలనీ కౌంటీ నిర్ణయించింది. అందుకు విశ్వవిద్యాలయం నుంచి ఒక ఆచార్యుణ్ణి పిలిపించారు. అధ్యక్షులు ఆయన దగ్గర వారాల తరబడి ముక్కుతో పలికే అచ్చులూ, గొంతులో ఆగే హల్లులూ సాధన చేశారు.

అధ్యక్షులు లేచారు. కోటు బొత్తాం పెట్టుకున్నారు. మైకు సరిచేసుకున్నారు.

"వద్దండీ," అంది లొరెన్సీటా, లేచి నిలబడి. "మీకు దండం పెడతాను. కాగితం చేతికిచ్చెయ్యండి, పట్టుకుపోతాం. బయట మా ఆయన ఉన్నాడు. అందరి ముందూ ఆ పేరు వద్దండీ."

"కూర్చోమ్మా," అన్నారు అధ్యక్షులు ఎంతో ఆదరంగా. "ఇది మీ అమ్మగారి హక్కు."

వరండాలో ఎర్విన్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మొదటి వరుసలో అవ్వ తల వంచి, తన పాదాలను చూసుకుంటూ కూర్చుంది. అధ్యక్షులు గొంతు సవరించుకుని, ఎనభై ఏళ్లుగా మాలో ఎవరూ ఆమె ఎదుట ఎత్తని మాటను, ఆచార్యుడు మెచ్చుకునేలా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, హాలు నాలుగు గోడలకూ తగిలేలా పలికారు:

"గ్లిహనాబా పెష్లకాయ్."